గాలి సోకిన గడియారం

“జిట్టర్ దొరికేదాకా ఇంటికి రాలేను,” అన్నాడు గంటన్న ఫోన్లో.

“చీటరా? మీ ఆఫీసులోనా?” అంది భార్య.

ఆయన జవాబు చెప్పేలోపే ల్యాబులోంచి పిలుపొచ్చింది, ఫోన్ పెట్టేశాడు. ఆ కాస్త వ్యవధిలో చీటర్ గారు ఇల్లంతా తిరిగి, అత్తగారిని పలకరించి, బావమరిది చెవిలో దూరాడు. బావమరిది వెంటనే ఫోన్ కొట్టాడు.

“బావా, మీ ఆఫీసులో ఎవడో మోసం చేశాడటగా. నిన్నేమైనా ఇరికించారా? నాకు తెలిసిన లాయరున్నాడు.”

“ఎవడూ ఇరికించలేదురా. అది దొరకడం లేదనే నా ఏడుపు.”

“అంటే పారిపోయాడా?”

“అది మనిషి కాదురా నాయనా. వణుకు.”

“నీకా?”

“చిప్పుకి. మీ అక్కకి కూడా చెప్పు,” అని పెట్టేశాడు గంటన్న. నిజానికి ఆ పూట వణుకు చిప్పుకీ, ఆయనకీ ఇద్దరికీ ఉంది.

చిప్పులో గడియారం భాగం గీసేది ఆయన కాబట్టి ఆఫీసులో గంటన్న అయ్యాడు. ప్రతి చిప్పులోనూ ఒక టిక్కుటిక్కు ఉంటుంది. మిగతా భాగాలన్నీ కవాతులోలాగా ఆ టిక్కుకి అడుగులేస్తాయి. టిక్కు వెంట్రుకవాసి ముందో వెనకో పడిందంటే ఒకడి కుడికాలు ఇంకొకడి ఎడమకాలిని తొక్కుతుంది. ఆ తడబాటునే జిట్టర్ అంటారు. ఈ చిప్పేమో ఆసుపత్రిలో రోగి నరంలోకి మందు బొట్టుబొట్టుగా ఎక్కించే పంపులోకి వెళ్లాలి. పాటలో అయితే తాళం తప్పినా చప్పట్లు కొడతారు. ఇక్కడ తాళం తప్పితే ప్రాణం తప్పుతుంది.

మధ్యాహ్నం మీటింగు. ఆలోగా వణుకు ఎక్కడిదో తేలకపోతే గంటన్న గడియారాన్ని పీకేసి, బయట కొన్నది పెడతారు. ఏళ్లతరబడి గీసి, చెరిపి, మళ్లీ గీసిన గడియారం అది. ల్యాబు పెద్ద అయిన మేడమ్ ఆ సంగతి మెత్తగానే చెప్పింది. “మీ మీద నమ్మకం లేక కాదు సార్. తెర మీద మీ టిక్కు గీత వణకడం చూస్తుంటే నాకే కళ్లు తిరుగుతున్నాయి.”

చిప్పు పోతే చేతికి చిప్పే అని గంటన్న తనమీద తనే జోకేసుకున్నాడు. నవ్వే ఓపిక లేక ఊరుకున్నాడు.

ల్యాబులో ఏసీ చచ్చి చాలా రోజులైంది. కొత్త చిప్పులు వచ్చిందీ అది చచ్చిన వారమే. పాపం చిప్పు వేడెక్కిపోతుందని టెస్టర్ అమ్మాయి ఇంటినుంచి టేబుల్ ఫ్యాన్ తెచ్చి దాని పక్కనే బల్లమీద పెట్టింది. అప్పట్నుంచి అదో మర్యాదైపోయింది. ల్యాబులోకి అడుగుపెట్టిన ప్రతివాళ్లూ చుట్టపుచూపుగా ఫ్యాన్ మొహాన్ని చిప్పువైపు ఇంకాస్త తిప్పి వెళ్లేవారు. తమ చెమట తాము తుడుచుకుంటూ దానికి గాలి తగిలేలా చూసేవారు. కన్నబిడ్డనైనా అంత చల్లగా చూసుకోరు.

గీత మాత్రం వణుకుతూనే ఉంది. వైర్లు మార్చారు, కరెంటు ఇచ్చే పెట్టె మార్చారు, చిప్పునే మార్చారు. గంటన్న ముఖం తప్ప ఏమీ మారలేదు.

“అన్నా, క్యాంటీన్‌కి వెళ్తున్నా, రండి,” అంది టెస్టర్.

“నువ్వెళ్లు చెల్లెమ్మా. తినే ఓపిక కూడా లేదు. నములుతూ మధ్యలో మర్చిపోతా.”

ఆమె కాగితపు కప్పులో టీ పోసి చేతిలో పెట్టి వెళ్లింది. ఆయన అది తాగి, బల్లమీద చెంప ఆనించి కళ్లు మూసుకున్నాడు. చెంప కింద బల్ల గుయ్యిమంటోంది. ఆ రొద దవడలోంచి పళ్లలోకి పాకింది. కాసేపైనా కునుకు పట్టనివ్వదా అని విసుక్కుని, చెయ్యి చాచి ఫ్యాన్ ఆపేశాడు. చెంప మళ్లీ ఆనించబోతూ అలవాటు చొప్పున తెరవైపు చూశాడు.

గీత పాలు తాగి పడుకున్న పసివాడిలా ఉంది.

కునుకు ఎగిరిపోయింది. ఫ్యాన్ వేశాడు, గీత వణికింది. ఆపాడు, నిలిచింది. ఫ్యాన్‌ని బల్లమీంచి ఎత్తి చేత్తో పట్టుకుని వేశాడు. ఈసారి వణుకు పోయింది గానీ, గీత తాగినవాడిలా మెల్లగా పక్కకి తూలింది.

చిప్పు పక్కన గోరంత రేకు డబ్బీలో ఒక స్ఫటికం ముక్క ఉంటుంది. గడియారానికి నాడి అదే. కుదిపితే తడబడుతుంది, గాలి తగిలి వేడి మారితే దారి తప్పుతుంది. ఇది గంటన్నకి తెలియని విషయమేం కాదు, తనే కొత్తవాళ్లకి చెప్పే మొదటి పాఠం. కానీ ఫ్యాన్‌ని ఎవరూ పరికరాల్లో జమకట్టలేదు. అది ఇంటి మనిషిలా బల్లమీద కూర్చుంది.

ఆయన ఖాళీ టీ కప్పు తీసి స్ఫటికాన్ని కప్పాడు. ఫ్యాన్‌ని విడిగా స్టూలు మీద పెట్టి పూర్తిగా తిప్పాడు. గీత కదల్లేదు.

మీటింగుకి వచ్చినవాళ్లందరినీ ల్యాబులోకి తీసుకొచ్చి, చేసిందంతా మళ్లీ చేసి చూపించాడు. మేడమ్ తెరనీ ఫ్యాన్‌నీ మార్చిమార్చి చూసింది.

“దీన్నిక్కడ పెట్టిందెవరు?”

“నేనే మేడమ్,” అంది టెస్టర్. “చిప్పువైపు తిప్పింది మాత్రం నేనొక్కదాన్నే కాదు.”



“నేనూ తిప్పానులెండి,” అంది మేడమ్. “వచ్చినప్పుడల్లా. అయితే సార్, మీ గడియారం బాగానే ఉన్నట్టేగా?”

ఔననేస్తే ఇంటికెళ్లి పడుకోవచ్చు. గంటన్న కళ్లు నులుముకున్నాడు.

“తెలీదు మేడమ్. ఇన్నాళ్లూ మనం కొలిచింది ఫ్యాన్‌ని. బల్ల ఊగితే స్ఫటికం ఊగింది, గాలి తగిలితే తూలింది. ఆ తప్పు గడియారం ఖాతాలో రాశాం. ఇక దాన్ని కొలవాలి, మొదట్నుంచీ. ఆసుపత్రిలోనూ ఫ్యాన్లుంటాయి కాబట్టి, స్ఫటికానికి మూత పెట్టమనీ, కింద మెత్త వెయ్యమనీ పంపులవాళ్లకి చెప్పాలి.”

“అయితే బయటిది కొనే మాట ఆపేస్తున్నా. కొలవండి,” అంది మేడమ్.

వెనకనుంచి ఎవరో అడిగారు, ఇంతకీ దానికి వణుకెందుకొచ్చిందో ఒక్కముక్కలో చెప్పమని.

“మనందరం చల్లగా చూసుకున్నాం కదండీ,” అన్నాడు గంటన్న, “అందుకే.”