పాసైన కథ

స్ఫూర్తి డిగ్రీ కోసం ఇచ్చిన స్క్రిప్టు మనిషి రాసింది కాదని, యంత్రం రాతల్ని పట్టే సాఫ్ట్‌వేర్ తేల్చేసింది. తొంభై రెండు శాతం యంత్రమేనట. ఎందుకలా అనుకుంటోందో మాత్రం చెప్పదు. నిలదీద్దామంటే దానికి మొహం లేదు.

ఫిల్మ్ నగర్‌లో ఒక ప్రైవేటు సినిమా కాలేజీలో ఎం.ఏ. పిల్లలకి స్క్రిప్టు రాయడం నేర్పుతాను నేను. ఆ కథ నా కళ్లముందే పుట్టింది. స్ఫూర్తి అమ్మమ్మ మల్లమ్మ జూనియర్ ఆర్టిస్టు. సినిమా పెళ్లిళ్లలో వెనక వరసలో నిలబడి అక్షింతలు వేసే మనిషి. ఆమె ఒక రోజు షూటింగే కథంతా. చివర్లో మల్లమ్మ మొహం ఒక్కసారి కెమెరాకి నిండుగా దొరుకుతుంది. ఆ సంగతి ఆమెకి తెలియదు. భోజనంలో ఇచ్చిన అరటిపండు మనవరాలి కోసం కొంగున ముడేసుకుంటూ ఉంటుంది. అది చదివిన రోజు నాకు క్లాసు చెప్పడం చేతకాలేదు.

ఇప్పుడు ఆ పిల్లకి డిగ్రీ రాదు. డిగ్రీ చూపిస్తే శ్రీనగర్ కాలనీలో ఒక సినిమా ఆఫీసువాళ్లు ఇస్తామన్న ఉద్యోగమూ రాదు. పైగా దొంగ అనే పేరు.

ప్రిన్సిపాల్ జగదీశ్ గారి దగ్గరికి వెళ్లాను. "కథ ఎవరిదో తేల్చడానికి మన దగ్గర ఒకటే పద్ధతి కదండీ. కూర్చోబెట్టి చెప్పించండి" అన్నాను. కాగితాలు ఎవడైనా తెస్తాడు. నోటితో చెప్పమంటే దొంగ రెండో సీనుకే నీళ్లు నములుతాడు. ఇక్కడి నిర్మాతలు నమ్మేది ఆ పరీక్షనే.

స్ఫూర్తి నిలబడే చెప్పింది. "మా అమ్మమ్మ గీడ నిలబడ్డది సార్. గాడ హీరో. నడుమ నూరు మంది" అంటూ మొదలుపెట్టి, చున్నీ కొసని కొంగులా ముడేస్తూ ముగించింది. జగదీశ్ గారు టీ తాగడం మరిచిపోయారు. చివర్లో కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అద్భుతం. కానీ శేషారత్నం గారూ, రిపోర్టు యూనివర్సిటీకి వెళ్లిపోయింది. ఆ నంబరు తగ్గితేగానీ తీసుకోరు. నా చేతిలో ఏముందండీ? వారం టైమిచ్చారు, మళ్లీ రాయమనండి."

"తన కథనే మళ్లీ ఎలా రాస్తుందండీ?"

"ఏదో ఒకటి మార్చమనండి."

నాకు ఒళ్లు మండిపోయింది. యూనివర్సిటీకి ఉత్తరం రాశాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. రిపోర్టే ఫైనల్ అని జవాబొచ్చింది.

వారం తిరక్కుండా స్ఫూర్తి కొత్త స్క్రిప్టు ఇచ్చింది. నంబరు నాలుగుకి పడిపోయింది. "చూశారా, మనిషి రాస్తే ఇలా ఉంటుంది!" అన్నారు జగదీశ్ గారు, తానే రాసినంత సంబరంగా. నేను చదివాను. ఇందులో మల్లమ్మ లైట్ల మధ్య కుప్పకూలి హీరో ఒళ్లో ప్రాణం విడుస్తుంది. యూనిట్ అంతా భోరుమంటుంది. అరటిపండు లేదు.

పిల్లని గదిలోకి పిలిచి తలుపు వేశాను. "ఇది నువ్వు రాసిందేనా అమ్మా?"

"కాదు మేడమ్. మిషిన్‌తోని రాయించిన. దొరకకుంట మార్చే మిషిన్ ఇంకోటి ఉంటది, దాంట్ల ఏసిన." తల దించుకోలేదు. "నేను రాసింది నాది కాదన్నరు. ఇది నాదేనంటున్నరు. నన్నేం జెయ్యమంటరు చెప్పుండ్రి."

నిజం చెబితే ఆ పిల్ల బతుకు బుగ్గి. చెప్పకపోతే నేను నేర్పిన చదువు బుగ్గి. అది ఆ పిల్ల సొంత రాతేనన్న కాగితం మీద సంతకం పెట్టాను. పెడుతుంటే ఏడుపొచ్చింది.

కాగితం తీసుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"మా అమ్మమ్మకు సదువు రాదు మేడమ్. పాసైన కత సదివి వినిపియ్యి బిడ్డా అని రోజు అడుగుతున్నది. దీంట్లనేమో ఆమె సచ్చిపాయె. ఏది సదవాలె?"

జగదీశ్ గారి మాటే నా నోటిదాకా వచ్చింది, ఏదో ఒకటి అని. మింగేశాను.