పగలగొట్టడానికి తెచ్చిన పెట్టె

రోస్విత సింకు పక్కన నిలబడే బన్ను కొరికి, కాఫీ ఒక గుటక వేసి, కాలితో బూటు వెతుక్కుంటోంది. కూర్చుని తిని ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తు లేదు. ఊళ్లో వాళ్ల టేబుళ్లు సర్దడమే ఆమె ఉద్యోగం. ఊళ్లో వాళ్లంటే నిజం మనుషులు కారు. జర్మనీలో కొలోన్ ఊరి చివర స్టూడియోలో తీసే సీరియల్‌కు సామాను చూసే మనిషి ఆమె. ఆ సీరియల్లో మొగుడూ పెళ్లాలు పొద్దున్నే పూలగుత్తి ముందు కూర్చుంటారు. గుడ్డు నెత్తిన చెంచాతో టక్కున కొడతారు, బన్ను ఒక్క ముక్క కొరుకుతారు, "మనం మాట్లాడుకోవాలి" అంటారు. అంతే, ఎవరో ఒకరు లేచి చక్కా పోతారు. మిగిలిన బన్ను రోస్విత తీసి చెత్తలో వేస్తుంది. ఇరవై ఏళ్లుగా ఇదే తంతు.

బల్ల దగ్గర ఆమె మొగుడు డెట్లెఫ్ కూర్చుని ఉన్నాడు. రిటైరయిన ట్రాము డ్రైవరు. ముంజేతులు లావు, మీసం తెల్లబడింది, కళ్లు మాత్రం ఇంకా పట్టాల మీద చూపు నిలిపినట్టు నిదానంగా ఉంటాయి. నీలం అంచు కప్పు రెండు చేతులా పట్టుకున్నాడు. దాని పిడి ఒకసారి విరిగితే తనే జిగురుపెట్టి అతికించుకున్నాడు.

"రోజీ, కాసేపు కూర్చో. మనం మాట్లాడుకోవాలి."

"డైలాగు మార్చవయ్యా బాబూ! నిన్ననే ముగ్గురు చెప్పి చచ్చారు అదే ముక్క."

"అది కాదు..."

"ఇదిగో, సెల్లార్లో పాత పింగాణీ పెట్టె ఉంది చూడు, బీటలు పడ్డవన్నీ. అది మధ్యాహ్నంలోపు స్టూడియో గేటు దగ్గర ఇచ్చెయ్. మర్చిపోయావో, నా ఉద్యోగం ఊడుతుంది."

"మర్చిపోనులే," అన్నాడు డెట్లెఫ్.

ఆ పెట్టె అవసరం వియోలా వల్ల వచ్చింది. సీరియల్లో వియోలాకు ఇది మూడో పెళ్లి. అదీ మొదటి మొగుడితోనే. పెళ్లికి ముందురోజు పోల్టరాబెండ్ సీను. స్నేహితులంతా గుమ్మం ముందుకొచ్చి పాత పింగాణీ భళ్లుభళ్లున పగలగొట్టాలి, ఆ పెంకులు పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కలిసి ఊడ్వాలి. కలిసి ఊడ్చినవాళ్లు కలిసి కాపురం చేస్తారని నమ్మకం. గోదాములో ఉన్న పింగాణీ మాత్రం పోయిన నెల ఇంకెవరి విడాకులకో ఖర్చయిపోయింది.

దర్శకుడు యానిక్‌కు ముప్పై కూడా నిండలేదు, పెళ్లి కాలేదు. "రోస్వితమ్మా, పెట్టె వచ్చిందా?" అని పొద్దుటినుంచి ప్రాణం తీస్తున్నాడు.

"వస్తుంది నాయనా. మా ఆయన ట్రాము నడిపిన మనిషి."

వచ్చింది కూడా. గేటు కాపలావాడు తోపుడు బండి మీద తోసుకొచ్చాడు. రోస్విత కళ్లద్దాలు ముక్కు మీదికి లాక్కుని, నొప్పి మోకాళ్లను తిట్టుకుంటూ కింద కూర్చుంది. పైన బీటలు వారిన పళ్లేలు, మూతి విరిగిన పూలకూజా, ఎవరో ఇచ్చిన వికారపు సూపు గిన్నె. బాగానే ఉందనుకుని అందరికీ పంచింది. అతిథి వేషం వేసినవాడొకడు బల్ల మీది గాజు గ్లాసు ఎత్తాడు. ఆమె ఒక్క ఉదుటున లేచి లాక్కుంది.

"ఓరి నీ దుంపతెగ! గాజు పగలగొడతారా ఎక్కడైనా? అరిష్టం. పింగాణీ మాత్రమే!"

"మీ పెళ్లికి ఎవరూ గ్లాసు పగలగొట్టలేదా?"

"లేదు కాబట్టే ఇంకా వేళ్లాడుతున్నాం ఒకళ్ల మెడకొకళ్లం," అంది. అందరూ నవ్వారు.

మొదటి టేకులో అంతా పగిలింది, తీరా చూస్తే వియోలా మాట మర్చిపోయింది. రోస్వితకు ఒళ్లు మండింది. పెట్టె అడుగున న్యూస్‌పేపర్లో చుట్టినవి ఇంకా ఉన్నాయి కదా అని ఒకటి విప్పింది. నీలం అంచు పళ్లెం. రెండోది విప్పింది. అదీ నీలం అంచే. వాళ్ల పెళ్లికి అత్తగారు పెట్టిన సెట్టు! పండగలకు తప్ప బయటికి తీయనిది! డెట్లెఫ్ ఒక్కడే ఆ కప్పులో రోజూ తాగుతాడు, ఎన్నిసార్లు చెప్పినా వినడు.

"ఒక్క పని చెబితే ఒక్కటీ తిన్నగా చెయ్యడు కదా ఈ మానవుడు," అని పైకే అని, ఫోన్ చేసింది. ఆఫ్ చేసి ఉంది.

"అమ్మా, లైట్లు వేడెక్కిపోతున్నాయి," అన్నాడు యానిక్. "ఇవి ఉన్నాయిగా?"

"ఇవి మా ఇంటివయ్యా."

"కొత్త సెట్టు కొనిపిస్తాను. ఒట్టు. రేపటికల్లా ఈ గుమ్మం పీకేస్తారు, ఇవాళ తీయకపోతే పెళ్లే లేదు."

రోస్విత చుట్టూ చూసింది. అందరూ ఆమె వంకే చూస్తున్నారు. లెక్క చూస్తే పెట్టెలో ఉన్నది సగం సెట్టే, మిగతా సగం ఇంట్లో ఉండాలి. అయినా ఇంట్లో వాటిలో కూర్చుని తినేదెవరు? పళ్లేలు తనే లేచి అందించింది. కప్పులు అందించింది. అతికించిన పిడి కప్పు దగ్గర మాత్రం ఆగింది. అడుగున కాఫీ మరక. కడగనైనా లేదు మహానుభావుడు! సాయంత్రం ముక్కు ముందు పెట్టి అడుగుదామని దాన్ని ఏప్రాన్ జేబులో వేసుకుంది.

ఈసారి టేకు ఓకే అయింది. పెళ్లికూతురూ పెళ్లికొడుకూ చీపురు పట్టుకుని రెండు ఊపులు ఊపారు, ముద్దు పెట్టుకున్నారు, మేకప్ గదికి వెళ్లిపోయారు. పెంకులన్నీ రోస్విత ఒక్కతే ఊడ్చింది. తమ పోల్టరాబెండ్‌కు డెట్లెఫ్ తోటి డ్రైవర్లు ఏకంగా పాత వాష్‌బేసిన్ మోసుకొచ్చి గుమ్మంలో కుమ్మరించారు. ఆయన ఊడుస్తుంటే తను చేట పట్టింది. నవ్వలేక పొట్ట పట్టుకున్నారు ఇద్దరూ.

ఇంటికొచ్చే ట్రాములో దారి పొడుగునా తిట్లు కూర్చుకుంది. తలుపు తీయగానే తిట్టడానికి మనిషి లేడు. కొక్కేనికి కోటు లేదు, మోజెల్ నది ఒడ్డున క్యాంపులో ఉన్న వాళ్ల చక్రాల ఇల్లు, ఆ కారవాన్ తాళం లేదు. సీరియల్ వచ్చే వేళ, టీవీ కట్టేసి ఉంది. అల్మరాలో నీలం అంచు సెట్టు సగం శుభ్రంగా పేర్చి ఉంది. పక్కన ఆయన బట్టల అర ఖాళీ.

సీరియల్లో ఇలాంటప్పుడు ఏం చేస్తారో రోస్వితకు కంఠతా వచ్చు. దిండు కింద ఉత్తరం ఉండాలి, కోటు జేబులో ఇంకో ఆడదాని పిన్నీసు ఉండాలి. అన్నీ వెతికింది. ఏమీ లేదు. ఇన్నేళ్లు ఆ సీరియల్ చూసిన మనిషి ఇంత చప్పగా వెళ్లిపోతాడా!

మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి తీశాడు. వెనకాల గాలి హోరు.

"ఎక్కడ చచ్చావ్?"

"కారవాన్లో. ఇక ఇక్కడే ఉంటాను రోజీ."

"మంచి పళ్లేలు పంపావేంటి? బుద్ధుందా?"

"అవి నా వాటావి. నీవి నీకే ఉంచాను. నా వాటితో నీకు పనైనా గడుస్తుందని."

"ఎవత్తి అది?"

"ఎవరూ లేరు. ఇక్కడ హీటరు కూడా సరిగ్గా లేదు."

"మరెందుకయ్యా?"

"పొద్దున చెబుదామనే కూర్చోమన్నాను. డైలాగు మార్చమన్నావు."

రోస్వితకు ఏడుపొచ్చింది. అంతకంటే కోపం వచ్చింది, ఆయన మీదా, తన మీదా. ఆమెకు తెలిసిన మాటలన్నీ ఎవరో ఒకరు కెమెరా ముందు అనేసినవే.

"అన్నీ పగిలాయా?" అడిగాడు డెట్లెఫ్.

"పగిలాయి. ఒక్క టేకులోనే."

"ఊడ్చిందెవరు?"

"నేనే."

"ఊఁ," అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

రోస్విత బూట్లు విప్పలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏప్రాన్ జేబులోంచి కప్పు తీసి, లేచి కడగబోయి, ఆగి, ఎదురుగా ఆయన కుర్చీ ముందు పెట్టింది. అతికిన పిడి ఆయన కూర్చునే వైపే ఉంది, అడుగున పొద్దుటి కాఫీ గుండ్రంగా ఎండిపోయి ఉంది.