వినే వైపు

కొండ మీది రిపీటర్, సొంత సెట్లతో సరదాగా మాట్లాడుకునే హామ్ రేడియో వాళ్ల మాటలు అందుకుని విశాఖపట్నం అంతటికీ వినిపించేది. 1987లో ఛానళ్లు ఇరుకు చేసి, ఒకటున్న చోట రెండు పట్టించాలనుకున్నారు. మాట్లాడే వైపూ వినే వైపూ ఎవరి సెట్టు వాళ్లు సరిచేసుకోవాలని అందరికీ ఉత్తరాలు రాసింది పోర్టులో పనిచేసే గవర్రాజే. జనం మాత్రం రేపూ మాపూ అంటూ కూచున్నారు.

ఒక పొద్దున్న ఉక్కునగరం నుంచి చలమయ్య గొంతు పక్క ఛానల్లోకి పొంగింది. పదేళ్ల స్నేహమన్న మొహమాటమైనా లేకుండా, అందరూ వింటుండగానే గవర్రాజు కసిరాడు. "ఏటి బావా, సెప్పింది సెవికెక్కదా? సెట్టు సరిసేసుకునేదాకా మైకు ముట్టకు!"

మూడోనాడు చలమయ్య మళ్లీ పిలిచాడు. గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది. అలిగి గొణుగుతున్నాడనుకున్నాడు గవర్రాజు. 'ఈ పంతాలు నా కాడ సాగవు' అనుకుని పలకలేదు. రోజూ అదే గొణుగుడు, రోజూ అదే మౌనం. వానాకాలంలో ఆ గొంతు ఆగిపోయింది. గుండెపోటన్నారు.

పరామర్శకు వెళితే చలమయ్య భార్య కాశమ్మ కళ్లు తుడుచుకుంది. "నువ్వు కోప్పడిన్నాడే సెట్టిప్పి, కాయితంలో రాసినట్టే సరిసేసాడు అన్నియ్యా. మరి బావ ఏటికి పలకట్లేదో అని రోజూ నన్నడిగేవోడు."

గవర్రాజుకి తన ఉత్తరం గుర్తొచ్చింది. వినే వైపు సరిచేసుకోకపోతే, సరిచేసుకున్నవాళ్ల మాట సన్నబడి గొణుగుడులాగే వినిపిస్తుందని ఆ ఉత్తరంలో రాసింది తనే. రాసినవాడు తన సెట్టు ఇంకా విప్పనే లేదు.