పసుపు సున్నం పట్టు

సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసేవాళ్లకు రెక్కలు గుంజడం, రొమ్ము పట్టెయ్యడం కొత్తేమీ కాదు. అందుకే జ్వరం తగ్గి మళ్లీ పనిలోకి దిగిన దశరథం రొమ్ము పట్టుకుని కూలబడితే, ఇంట్లో ఒక్కరికీ గుండె అనే మాటే తట్టలేదు. ముప్పై నిండని మనిషికి గుండెజబ్బేమిటి మరి!

"నరం పట్టిందే పిల్లా. పసుపు సున్నం ఏసి కట్టు," అంది తల్లి లసుమవ్వ.

కోడలు బాలమణి వేడివేడిగా పట్టువేసి, పాత ధోతి చింపి బిగించి కట్టింది. సున్నం తగిలిన పసుపు ఎర్రగా గుడ్డంతా ఊరింది. నొప్పి మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. తెల్లారేసరికి మనిషి చెమటతో ముద్దయిపోయాడు, ఊపిరి అందడం లేదు.

ఊళ్లో డాక్టరు కట్టు విప్పి పరీక్ష చేసి తల పట్టుకున్నాడు.

"జరం పురుగు గుండెకు పాకిందమ్మా. గుండె వాచింది. దానికి తోడు గుండెపోటు గూడ అచ్చింది. రెండూ ఒక్కపారే. జల్ది కరీంనగర్ తీస్కపోండ్రి, ఆలస్యమైతే దక్కడు."

పక్కింటి సామేలు జీపు తెచ్చేలోగా బాలమణి ఆ కట్టునే మళ్లీ బిగించింది. ఉంటే ఏం పోయిందిలే అనుకుంది పిచ్చితల్లి! ఆమెకు మొగుడు బతకాలి, అంతే.

వేములవాడ దాటాక పోలీసులు జీపు ఆపారు. మొన్న అడవిలో కాల్పులు జరిగినప్పటినుంచి గాయపడ్డ అన్నల కోసం ప్రతి బండినీ వెతుకుతున్నారు. చొక్కా సందులోంచి ఎర్రటి కట్టు కనిపించింది. ఇంకేముంది!

"తూటా ఎక్కడ తగిలింది? ఏ దళం?" అన్నాడు ఎస్సై.

"అన్న కాదు సారూ, సాంచాల పనోడు! గది పసుపు సున్నం. గుండెపోటచ్చింది, మీ కాల్మొక్త, ఇడువుండ్రి!" అని మొత్తుకుంది బాలమణి.

"ఈ వయసులో గుండెపోటా? ఎవరికి చెప్తున్నవ్?"

నిన్న ఆ వయసు చూసే తన ఇంట్లోనూ ఎవరికీ గుండె అనే మాట తట్టలేదు. దశరథాన్ని దించి రోడ్డు పక్కన పడుకోబెట్టారు. కట్టు కోసి, నీళ్లు తెప్పించి, ఎండిన పట్టును తీరిగ్గా కడిగించారు. భార్య చేతిని పట్టుకున్న అతని వేళ్లు అలా కడుగుతుండగానే సడలిపోయాయి.

"గాయమేం లేదు సార్," అన్నాడు కానిస్టేబులు.

ఎస్సై మొహం తిప్పుకున్నాడు. "సరే, తీస్కపో."

"ఇంకేడికి తీస్కపోవాలె సారూ?" అంది బాలమణి.