మంగళవారం మోటారు

చనిపోయిన కామేశ్ ప్రతి మంగళవారం మోటారులోకి వస్తాడని పలాసలోని ఆ జీడిపిక్కల ఫ్యాక్టరీలో నమ్మనివారు లేరు. మిగిలిన రోజుల్లో ముట్టుకున్నా ఊరుకునే ఇనుము ఆ ఒక్కరోజు చేతిని పట్టి గుంజుతుంది. ఐ.టి.ఐ. ముగించి అప్రెంటిస్‌గా చేరిన ఆ కుర్రవాడు రెండేళ్ల క్రితం ఆ మోటారు గదిలోనే, మంగళవారంనాడే పోయాడు. ఇంతకన్న రుజువేం కావాలి?

2004 ఏప్రిల్‌లో ఒక మంగళవారం కూడా డ్రమ్ము దగ్గర పనిచేసే రామూర్తి మోటారుకు బొట్టుపెట్టి, కొబ్బరికాయ కొట్టి, బిందెడు పసుపునీళ్లు దాని చుట్టూ నేలమీద పోశాడు. బయట పన్నెండు బస్తాల పిక్కలున్నాయి. ఆ మోటారుతో డ్రమ్ము తిరిగి అవి కాలితేనే ఆడవాళ్లకు కొట్టుడు పని. కొట్టిన కిలోకే కూలి. కూర్చున్న గంటకు లేదు.

"స్విచ్చెయ్యే మోహినీ. నీ సీనియరు ఎదురుసూత్తన్నాడు," అన్నాడు రామూర్తి.

మోహిని సముద్రం మీద వేటకు వెళ్లే పైడయ్య కూతురు. టెక్కలిలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివి, ఇక్కడ పదకొండు నెలల అప్రెంటిస్‌షిప్ పూర్తిచేసింది. మరొక్క నెల గడిచి, యజమాని జగన్నాథరావు రికార్డు పుస్తకంలో సంతకం పెడితే సర్టిఫికెట్ వస్తుంది. లేకుంటే ఏడాదీ వృథా.

అంతలో పిక్కలు కొట్టే సింహాచలమ్మ లోపలికి వచ్చింది. ఆమె కామేశ్ తల్లి.

"ఎయ్యమ్మా. వారానికోపాలి నా కొడుకు సెయ్యి తగుల్తాది. పోయినోరం బుజం దాకా పట్టినాడు," అంది, జీడినూనెకు నల్లబడిన వేళ్లు మోటారు వైపు చాపుతూ.

మోహిని స్విచ్చు మీంచి చేయి తీసేసింది.

"నానెయ్యను."

"ఏటే, సదువుకున్న గుంటవి, నీకూ దెయ్యమంటే బయమేటి?"

"దెయ్యానికి కాదు మావా, తడికి. నేల ఎండున్న దినాన ఎవులికైనా తగిలిందా?"

"ఆడు శాంతిత్తాడనే కదా నీళ్లు పోత్తన్నాం!"

"కామేశ్ పోయిన దినాన గది కడిగినారా?"

రామూర్తి బిందె కింద పెట్టాడు. "మంగళారం కడగడం ముందునుంచీ ఉన్నదే," అన్నాడు మెల్లగా.

డ్రమ్ము చప్పుడు వినపడక జగన్నాథరావు వచ్చాడు.

"ఇంతమందిని ఎండలో కూకోబెట్టి పాఠాలేటమ్మా? ఆడి కాలం తీరింది, పోయాడు. స్విచ్చెయ్. లేదంటే నీ పుస్తకంలో నా సంతకం ఉండదు."

"సంతకం ఒగ్గేయండి బావు. నాను ఎయ్యను."

మోహిని ఎండు పలక మీద నిలబడి రెండు తీగలు వేలాడే బల్బు, టెస్టు ల్యాంపు, తీసింది. ఒక తీగ ఫేజుకు, రెండోది న్యూట్రలుకు తగిలిస్తే బల్బు వెలిగింది. ఆ రెండోదాన్ని మోటారు ఎర్తు తీగకు తగిలించింది. వెలగలేదు. మోటారు ఒంటిమీదికి వచ్చిన కరెంటును మనిషికి అందకుండా భూమిలోకి పంపవలసిన తీగ అది; పంపడం లేదు.

ఆమె మెయిన్ ఆపేసింది. గుమ్మం దగ్గర ఆడవాళ్లు గుమిగూడారు.

"ఆ తీగ బాగుంటే ఆడి సెయ్యి తగలదా?" అడిగింది సింహాచలమ్మ.

"తగలదత్తా."

సింహాచలమ్మ మోటారు వైపు తిరిగింది.

"ఆడు పోయిన దినాన బాగుంటే?"

జగన్నాథరావు గొంతు పెంచాడు. "బాగానే ఉంది! పదడుగుల గొయ్యి తీయించి, బొగ్గూ ఉప్పూ పోయించి, తీగ దింపించాను."

సింహాచలమ్మ గోడవారన తీగ నేలలోకి దిగినచోట చతికిలబడి, పిక్కలు కొట్టే కర్రతో సిమెంటు పెచ్చును రెండు దెబ్బలు కొట్టింది. తీగ పట్టుకుని లాగింది. అది ఏ పెనుగులాటా లేకుండా చేతిలోకి వచ్చేసింది.

సిమెంటు లోపల ఉన్నది జానెడు తీగే. దాని కొన భూమిని ఎన్నడూ తాకలేదు.