నీడ తీస్తున్నా, దిగండి

పొద్దున్నే ఆమె బయల్దేరడానికి ఒక వరస ఉంది. మడత స్టూలు భుజానికి, రంగుల పెట్టె చేతికి, టర్పెంటైన్ సీసా సంచిలోకి, వెడల్పాటి టోపీ నెత్తికి. అత్తగారు గుమ్మంలో నిలబడి "నీళ్ళు?" అంటుంది. "తీసుకున్నా" అంటుంది ఆమె, తీసుకోకపోయినా సరే. రెండేళ్ళుగా ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు మాట్లాడుకునేది ఇంచుమించు ఇంతే. తగాదా ఏమీ లేదు. మాటలు అడుగంటిపోయాయి, అంతే.

ఆమె పని కొట్టాలు గీయడం. గడ్డి కొట్టాలు, ధాన్యం కొట్టాలు, వాటి చుట్టూ పొలాలు, కంచెలు. ఇంట్లో కూర్చుని గుర్తు మీద గీస్తే కుదరదు. ఎదురుగా ఎండలో కూర్చుని, ఈగలు తోలుకుంటూ గీయాల్సిందే. ముందు ఆకాశం, తర్వాత పొలం, తర్వాత గోడలు, తలుపులు. అన్నిటికంటే చివర నీడ. ఎందుకంటే ఆమె నీడ వేసిందంటే అసలు నీడ నేల మీంచి లేచి బొమ్మలోకి వచ్చేస్తుంది. పదిహేను రోజుల పాటు కొట్టానికి నీడ ఉండదు. ఆ తర్వాత కత్తిరించిన జుట్టులా మళ్ళీ మొలుస్తుంది. అన్నాళ్ళూ ఆసాములు గేదెల్ని చెట్ల కిందికి తోలుకుంటారు, కాస్త సణుక్కుంటారు. పట్నంలో జనం మాత్రం ఆ బొమ్మల్ని ఏరికోరి కొనుక్కుని పడమటి గోడకి తగిలించుకుంటారు, గది చల్లగా ఉంటుందని.

అందుకే నీడ వేసేముందు గట్టిగా కేకెయ్యాలి: "నీడ తీస్తున్నా, దిగండి." కేక వినబడగానే మనుషులు తప్పుకుంటారు, కోళ్ళని అదిలిస్తారు. ఒకసారి ఒక బాతు తప్పుకోలేదు. తడి ఆరకముందే తుడిచేస్తే వెనక్కి పోతుందేమోనని ఆమె గుడ్డ పెట్టి తుడిచింది. నీడ అలుక్కుపోయింది. పాపం ఆ బాతు రెండు వారాలు ఒలికిన టీ లాంటిదాన్ని వెంటేసుకుని తిరిగింది. దాని ఆసామి ఇప్పటికీ ఎదురుపడితే "మా బాతు నిన్ను అడిగినట్టు చెప్పమంది" అంటాడు. నీడ చెడకుండా రావాలంటే రంగు ఏడాదో రెండేళ్ళో బాగా ఎండాలి. అప్పుడు టర్పెంటైన్ పోస్తే పాల మీద మీగడలా లేచి వస్తుంది. ఆ సంగతి తర్వాత తెలిసింది.

భర్త పోయిన దగ్గర్నుంచీ ఆమెకి ఏదీ తగలడం లేదు. ఎండ తగలదు, ఆకలి తగలదు. మొన్న రంగు కలిపే కత్తికి వేలు తెగితే, తెల్లరంగు గులాబీగా మారాక గాని చూసుకోలేదు.

అతను ఊరి చివర ఎర్ర కొట్టానికి రేకుల కప్పు వేస్తూ పడ్డాడు. సగం వేసిన ఆ కప్పు రెండేళ్ళు అలాగే టార్పాలిన్ కింద ఉండిపోయింది. ఇప్పుడు ఆమె మరిది ఆ మిగతా సగం వేస్తున్నాడు. అన్నదమ్ములిద్దరిదీ అదే పని. కొట్టం ఆసామి ఆమె ఇంటికొచ్చి, కూతురింటికి ఇవ్వడానికి ఆ కొట్టం బొమ్మ కావాలని అడిగాడు. అడిగేశాక అడక్కుండా ఉండాల్సిందేమో అన్నట్టు చెప్పులవైపు చూసుకున్నాడు. ఆమె సరే అంది. ఏ కొట్టమైనా ఆమెకి ఒకటే.

ఆ రోజు నీడ దాకా వచ్చి, అలవాటు కొద్దీ కేకేసింది. తలెత్తి మాత్రం చూడలేదు. మరిది కప్పు వెన్నుకి అవతల వంగి మేకులు కొడుతున్నాడు, సుత్తి చప్పుడులో ఆ కేక వినబడలేదు. ఆమె కుంచె దించే వేళకి అతను నడుం నొప్పితో లేచి నిలబడ్డాడు.

భోజనానికి కిందికి దిగాక గాని తన నీడ లేదని అతను చూసుకోలేదు. ఒక కాలెత్తి చూశాడు, రెండో కాలెత్తి చూశాడు.

"ఏంటి వదినా, నన్ను కూడా ఆసామి కూతురింటికి పంపేస్తున్నావా?"

ఆమె బొమ్మకేసి చూసింది. గడ్డి మీద కొట్టం నీడ, దాని అంచు పైన చిన్న తల, రెండు భుజాలు. పదిహేను రోజులు కప్పు ఎక్కొద్దంది. అతను అన్నం డబ్బా మూత తీస్తూ నవ్వాడు. కొట్టంలో ఏడాది పంట ఉంది, మబ్బులు చూస్తే రెండ్రోజులు కూడా ఆగేట్టు లేవు, తడిస్తే బస్తాల్లోనే మొలకలొస్తాయి అన్నాడు.

"అలవాటైన కప్పే కదా. కళ్ళు మూసుకుని నడుస్తాను."

"మీ అన్నయ్య కూడా ఇదే మాటన్నాడు."

అతని చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఎప్పుడు?"

"ఆయన నీడ నేను తీసిన రోజు."

కప్పు పని వాళ్ళకి ఒక పద్ధతి ఉంది. ఎండలో కొత్త రేకు అద్దంలా మెరుస్తుంది, అంచు ఎక్కడో కంటికి ఆనదు. అందుకని కాళ్ళకేసి చూసుకోరు, నేల మీద నీడ చూసుకుంటారు. తమ నీడ కొట్టం నీడ మూలకి చేరిందంటే, అక్కడ ఆగాలి. ఆ సంగతి ఆమెకీ తెలుసు. రెండేళ్ళ కిందట ఇదే చోట కూర్చుంది. భర్త కప్పు మీద ఎడమ చెయ్యి నడుం మీద పెట్టుకుని నిలబడి ఉన్నాడు. నీడ గడ్డి మీద పొడుగ్గా, అందంగా పడింది. కేకేస్తే అతను దిగిపోతాడు, అది పోతుంది. ఆమె కేకెయ్యలేదు. ఇంటికెళ్ళి చెబితే, కళ్ళు మూసుకుని నడుస్తాలే, బాగా వేశావా లేదా అని నవ్వాడు. తొమ్మిదో రోజు పడ్డాడు. కాలు జారిందన్నారు అందరూ. ఆమె అననిచ్చింది.

ఇదంతా ఆమె రంగు డబ్బాల మూతలు బిగిస్తూనే చెప్పింది, కూరగాయల ధర చెప్పినట్టు. మరిది ముద్ద డబ్బాలో వేసేసి మూత పెట్టేశాడు.

"అమ్మకి తెలుసా?"

"చెప్పలేదు."

"రేపు నేను ఎక్కాలి. ఎలాగో నువ్వే చూడు" అన్నాడు. వదినా అనలేదు.

ఆ పాత బొమ్మ బీరువా వెనక ఉంది, మొహం గోడకి తిప్పి. రెండేళ్ళుగా ఆమె దాన్ని ముట్టుకోలేదు. బయటికి లాగితే చేతికి దుమ్ము అంటలేదు. పక్కనే చిన్న స్టూలు, దాని మీద అత్తగారు పొద్దుటి నుంచీ వెతుక్కుంటున్న కళ్ళజోడు.

వెనక్కి తిరిగితే అత్తగారు గుమ్మంలో ఉంది. ఆమె మరిదికి చెప్పిందే మళ్ళీ చెప్పబోయింది.

"తెలుసు" అంది అత్తగారు. "బొమ్మలో ఉన్నాడుగా. రోజులు లెక్కపెట్టడం నాకు రాదనుకున్నావా?"

"మరి ఒక్క మాటా అనలేదేం అత్తయ్యా?"

"అంటే నువ్వు దీన్ని కాల్చేసేదానివి. నాకు చూసుకోడానికి ఏదో ఒకటి ఉండొద్దూ?"

ఏడుపొస్తుందేమోనని ఆమె కాసేపు ఆగింది. రాలేదు. బొమ్మ తీసుకెళ్ళనా అని అడిగింది, ఆ నీడ మరిదికి వేస్తానంది.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని బొమ్మ దగ్గరికొచ్చి, వంగి, ఆ నీడని తల నుంచి కాళ్ళ దాకా చూసింది. "తీసుకెళ్ళు. అడగడం దేనికి? వాడు మాత్రం ఇంట్లో కూర్చుని ఏం చేస్తాడు?"

మర్నాడు పొద్దున కొట్టం పక్కన గడ్డిలో బొమ్మ పడుకోబెట్టి టర్పెంటైన్ పోసింది. నీడ అంచుల దగ్గర ముడతపడి, నెమ్మదిగా లేచింది. కొట్టం నీడ, మనిషి నీడ కలిసి ఒకటే పొర. వేళ్ళతో ఎత్తి నేల మీద పరిచి, దుప్పటి సర్దినట్టు మూలలు సర్దింది. మనిషి నీడ కాళ్ళ దగ్గర మరిది చెప్పులు విడిచి మడమలు ఆనించాడు. నీడ అతనికి ఒక బెత్తెడు పొడుగైంది. ఏమీ అనకుండా నిచ్చెన ఎక్కాడు.

మధ్యాహ్నానికి ఇంకో నాలుగు రేకులు మిగిలాయి. ఎండకి కప్పంతా ఒకటే మెరుపు. ఆసామి కిందనుంచి మబ్బులు చూపించి ఏదో అడిగాడు. మరిది అటు తిరిగి వింటూ, ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆమెకి నేల మీదే కనబడింది. నీడ కొట్టం నీడ మూల దాకా వచ్చి ఆగింది. అతని అడుగు ఇంకా పడలేదు. నీడ ఆగిపోయింది, ఎడమ చెయ్యి నడుం మీద పెట్టుకుని. నీడ కదలకపోతే మనిషి ఎక్కడికి పోతాడు? పైన అతని కాలు గాలిలో అలాగే నిలబడింది. అతను కిందికి చూశాడు. మెల్లగా కాలు ముందుకి తీసుకుని, వంగి, సుత్తి అందుకున్నాడు.

ఆమె కుడిచేతి వేలు భగ్గుమంది. తెగిన చోట టర్పెంటైన్. పొద్దుటిదే, ఇప్పుడు మండింది. నోట్లో పెట్టుకుంది, చేదు. నీళ్ళ కోసం సంచి వెతికింది. తెచ్చుకోలేదు.

చివరి రేకు పడేసరికి పొద్దు వాలింది. ఇద్దరూ నడిచి ఇల్లు చేరారు. "నీళ్ళు కావాలి వదినా" అన్నాడు మరిది వాకిట్లో. ఆమె లోపలికెళ్ళి రెండు గ్లాసులు తెచ్చింది. మొదటిది తనే తాగేసింది.

అత్తగారు గుమ్మంలోంచి కొడుకుని చూడలేదు. వాడి వెనక గోడకేసి చూసింది. అక్కడో బక్కెట్టు అడ్డంగా ఉండి, నీడ మోకాళ్ళ దగ్గర విరిగి పడుతోంది. ఆవిడ మెట్లు దిగి బక్కెట్టు పక్కకి జరిపింది. నీడ కాళ్ళ దాకా నిండుగా పరుచుకుంది.

"ఎండ పోయేదాకా అక్కడే నిలబడు నాన్నా" అంది.