దేని తర్వాత ఏది

మా చెల్లెలు మహాలక్ష్మి ఇంటర్ రెండో సంవత్సరం జువాలజీలో తప్పింది. మిగతావన్నీ గట్టెక్కి అదొక్కటే పోయింది. రిజల్టు చూసింది నేనే. నంబరు తప్పు కొట్టానేమోనని మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే వచ్చింది. వాకిట్లో ఎండు చేపలు తిరగేస్తున్న మా అమ్మ పేరమ్మ తలెత్తి, "ఏమైందిరా ముఖేషూ?" అంది. నేను మాట కోసం వెతుక్కునేలోపే మహాలక్ష్మి, "తప్పినానమ్మా" అనేసింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అయినా ఆ రోజు దాన్ని ఒక్క మాట అనలేకపోయాను. పరీక్ష రాసి వచ్చిన నాడు దాని మొహం ఎంత వెలిగిపోయిందో నాకు గుర్తుంది. "అన్నీ చదివినవే వచ్చినాయన్నా. తెలియని ప్రశ్న ఒక్కటీ లేదు" అంది. అబద్ధం చెప్పలేదు. అబద్ధం చెప్తే దానికి చెవులు ఎర్రబడతాయి. అది నిజంగానే అట్లా నమ్మింది. నాకు మింగుడుపడనిది అదే.

దాని మాట నమ్మి మేము అప్పట్లో మునెయ్య మామను వెనక్కి పంపేశాం. మునెయ్య తడ దగ్గర ఒక కంపెనీలోకి మా వైపు పల్లెల నుంచి ఆడపిల్లల్ని చేర్చే మేస్త్రి. తెల్లారుజామున వ్యాను వస్తుంది, చేరినవాళ్ళు ఏడాది దాకా మానడానికి లేదు. మా అమ్మ అతన్ని వాకిట్లోనే నిలబెట్టి, "మా పాప నర్సు చదువుకు పోతాది" అని గొప్పగా చెప్పింది. చిన్నమ్మ కాన్పుకు తోడు వెళ్ళి ఆసుపత్రిలో రాత్రంతా కూర్చున్నప్పటి నుంచీ మహాలక్ష్మికి అదే పట్టు. నర్సింగులో చేరాలంటే ఇంటర్ పాసవ్వాలి. మిగిలింది మే నెలలో సప్లిమెంటరీ. అదీ పోతే ఇక వ్యానే.

అది చదవలేదని ఎవరైనా అంటే నేను ఊరుకోను. దానికి ఫోను కొనిచ్చింది నేను. కాలేజీలో ఉచితంగా ఇచ్చిన పుస్తకాలన్నీ ఫోన్లోనూ దొరుకుతాయి. దొరికాక అది చేసిన పని వినండి. ఆ పుస్తకాలను కట్టగట్టి, "అన్నీ దీంట్లోనే ఉండాయి, ఇవి నువ్వు వాడుకో" అని అమ్మకిచ్చింది. అమ్మ నెత్తళ్ళనే చిన్న ఎండు చేపలు అమ్ముతుంది. పొట్లం కట్టడానికి కాగితం కావాలి. జువాలజీ పుస్తకం ఒక్కో కాగితంగా చిరిగి, నెత్తళ్ళతో పాటు వాకాడు సంత నుంచి వరి పండించే రైతుల వంటిళ్ళకు చేరిపోయింది. ఇంత తెలివైన పని మా పల్లెలో తప్ప ఇంకెక్కడా జరగదు. కాగితం కనబడితే మా ఆడవాళ్ళ చేతులు ఊరుకోవు.

ఏడాదంతా అది ఫోన్లో చదివింది. పడవ నీడలో, నీళ్ళ కుళాయి దగ్గర, బస్సులో. కళ్ళు ఎర్రబడేవి. బొటనవేలు పైకీ కిందకీ నడుస్తూనే ఉండేది. ఒకసారి చదివినదే ఎన్నిసార్లు చదివేదో. మేము చూసి మురిసిపోయేవాళ్ళం.

రిజల్టు వచ్చిన వారంలోనే సముద్రం మీద వేట నిషేధం మొదలైంది. పడవలు గట్టెక్కాయి. మా నాయన మస్తానయ్య పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒడ్డు మీది పాకలో కూర్చుని వలలు బాగుచేసేవాడు. ఈసారి కాగితం మీద చదవమని కాలేజీ మేడం మహాలక్ష్మికి గట్టిగా చెప్పిందట. పుస్తకాలు మాత్రం కాలేజీ తెరిస్తేగానీ రావంది. దాంతో నేను వాకాడు వెళ్ళి ఫోన్లో ఉన్న పుస్తకాన్ని జిరాక్సు షాపులో ప్రింటు తీయించాను.

"కాగితమైతే ఏంది, ఫోనైతే ఏంది? అక్షరాలు అవే గదా" అని అది మూతి ముడుచుకుంది. అయినా కాగితాల కట్ట తీసుకుని నాయన దగ్గరికే పాకలోకి వెళ్ళి కూర్చుంది.

మా ఊళ్ళో మధ్యాహ్నం తిరిగేసరికి సముద్రం మీద నుంచి గాలి లేస్తుంది. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్ల, విడి కాగితాల మీద బరువు పెట్టకుండా మంచినీళ్ళ కోసం లేచింది. ఫోనుకు అలవాటైన చెయ్యి కదా, పెట్టింది పెట్టినచోటే ఉంటుందనుకుంది. ఒక్క విసురుకు కట్టంతా లేచిపోయింది. పాకలో ఉన్నవాళ్ళందరం ఇసకలో పడి పరిగెత్తాం. కొన్ని కంపకు తగులుకున్నాయి, కొన్ని పడవల కింద దూరాయి, కొన్ని అలల దాకా పోయి తడిశాయి. ఏరుకొచ్చి, వలకు కట్టే సీసం గుండ్లు బరువు పెట్టి ఆరబెట్టాం.

నాయన నైలాన్ దారం ఎక్కించిన సూది పట్టుకుని కూర్చున్నాడు. "దేని తర్వాత ఏదో వరసగా పెట్టియ్యమ్మా. మళ్ళా గాలికి పోకుండా కుట్టేస్తా" అన్నాడు.

మహాలక్ష్మి ఒక కాగితం అడుగున చూసింది. ఇంకొకటి చూసింది. పేజీ నంబర్లు లేవు. జిరాక్సు షాపువాడు అడుగు భాగం కత్తిరించుకుపోయేలా ప్రింటు తీశాడు, నేను చూసుకోలేదు. వాణ్ణి అక్కడికక్కడే నాలుగు తిట్టాను. అది మాత్రం తొణక్కుండా ఫోను తీసింది. "దీంట్లో చూసి పెట్టేస్తాలే నాయనా."

నాయనకు చదువు రాదు. సూది పక్కన పెట్టి నవ్వాడు. "ఫోను చూసి పెట్టేదానికి నువ్వెందుకు? మీ అన్న పెడతాడు. ఏడాదంతా చదివినావు గదా, నీకు తెలియదా?"

ఎగతాళికే అన్నాడు. దానికి రోషం తన్నుకొచ్చింది. రోషంలో అది నాకు చెల్లెలే. ఫోను నా ఒళ్ళోకి విసిరేసి కాగితాల మధ్య కూర్చుంది.

గుండె బొమ్మ ఉన్న కాగితం ముందు దొరికింది. దాని చివర వాక్యం సగంలో ఆగింది. ఊపిరితిత్తుల నుంచి వచ్చిన మంచి రక్తం ఎడమ కర్ణికలో చేరి, అక్కడి నుంచి... అని ఉంది. ఎక్కడికి పోతుందో తెలిస్తేనే తర్వాతి కాగితం దొరుకుతుంది. అది ఒక కాగితం తీసింది, పెట్టింది. ఇంకొకటి తీసింది, పెట్టింది. చాలాసేపు అట్లాగే చేసింది. నాకు తెలియకపోయినా, దానికి తెలియడం లేదని నాకు తెలుస్తోంది.

"అన్నా" అంది కాసేపటికి. "ఏ కాగితం చూసినా తెలిసినట్టే ఉండాది. ఏది తీసినా ఇది నేను చదివిందే అనిపిస్తా ఉండాది. ఒక్కటీ చెప్పలేకపోతున్నా. పరీక్షలో కూడా ఇట్టనే అయింది."

అని ఏడ్చింది. తప్పిన రోజు కూడా ఏడవని పిల్ల, అందరి ముందూ కాగితాల మధ్య కూర్చుని ఏడ్చింది. తప్పినందుకు కాదు అది ఏడ్చింది. తనకు వచ్చనుకున్నది తనకు రాదని అప్పుడు తెలిసింది.

నాయన నవ్వు ఆగిపోయింది. "ఏడిస్తే ఏడువు తల్లీ. ఏడ్చి మళ్ళా చూడు. వేటకి పోయేదానికి ఇంకా శానా నాళ్ళుండాది, నేను యాడికీ పోను" అన్నాడు.

ఆ సాయంత్రానికి రెండే కాగితాలు కలిశాయి. రక్తం ఎడమ కర్ణిక నుంచి ఎడమ జఠరికలోకి పోతుందట. అక్కడి నుంచి ఒళ్ళంతా. ఆ రెండూ కలిసినప్పుడు అది మాకందరికీ గట్టిగా చదివి వినిపించింది.

మర్నాటి నుంచి పాక నేలంతా దానిదే అయిపోయింది. తూర్పు గుంజ కింద గుండె, నీళ్ళకుండ పక్కన మూత్రపిండాలు, నాయన కూర్చునే చోటికి ఎదురుగా నరాలు. ఒక్కో కాగితం మీద ఒక్కో సీసం గుండు. ఒక వాక్యం ఎక్కడ తెగిందో చూడడం, తర్వాత ఏమవ్వాలో తల పట్టుకుని ఆలోచించడం, వెతకడం. ఎవరైనా వల కోసం అటు నడిస్తే, "మామా, కిడ్నీలు తొక్కొద్దు" అని కేకేసేది. నవ్వుకుంటూనే అందరూ పక్కకు జరిగి నడిచేవాళ్ళు. గుండె కొట్టుకునేటప్పుడు రక్తం ఎట్లా కదులుతుందో అంతుపట్టనప్పుడు మాత్రం ఫోనడిగి వీడియో చూసేది. కదిలేదాన్ని కాగితం చూపించలేదు. ఫోన్ను నేను తక్కువ చెయ్యను.

వరస కుదిరాక నాయన వలకు వేసే ముడితోనే దాన్ని కుట్టిచ్చాడు. ఆ తర్వాత అది చదివే తీరే మారిపోయింది. ఒక పేజీ చదివి, మూసి, అమ్మ చేపలు ఆరబెడుతుంటే వెనకే తిరుగుతూ అమ్మకు చెప్పేది. మధ్యలో ఆగిపోయేది. "ఉండు, అది పేజీలో కుడిపక్క కింద ఉండాది, నీళ్ళకి తడిసిన చోటికి పైన" అని గొణుక్కునేది. గుర్తొస్తే చెప్పేది. రాకపోతే తెరిచి చూసుకుని, అక్కడ పెన్సిలుతో గీత పెట్టేది. అమ్మకు ఏమీ అర్థమయ్యేది కాదు. "ఊఁ" కొడుతూనే ఉండేది.

పరీక్ష అయింది. బస్సు దిగిన మహాలక్ష్మి మొహంలో ఈసారి వెలుగు లేదు. "ఎట్టా రాసినావే?" అంటే, "రెండు రాలేదన్నా" అంది. పోయినసారి అన్నీ వచ్చాయంటేనే తప్పింది కదా.

రెండు రోజులకు మునెయ్య మామ మళ్ళీ వచ్చాడు. సోమవారం కొత్త బ్యాచి చేరుతుందట. ఈ ఏడాదికి ఇదే ఆఖరు, ఇప్పుడు కాకపోతే మళ్ళీ ఏడాదికే. రిజల్టేమో ఇంకా వారం పైనే పడుతుంది. "ఆలోచించు పేరమ్మా. పోయినసారి మాదిరి పిల్ల మాట పట్టుకుని కూర్చోబాక" అన్నాడు. అతనిలో చెడ్డతనం లేదు. నిజమే చెప్పాడు.

అమ్మ చేతులు చీర కొంగుకు తుడుచుకుంది. "పోతే పోనియ్‌లే పాపా. కంపెనీకే పో. మన రాత ఇంతే అనుకుందాం."

నేను లేచి అరిచాను. "రిజల్టు రాకముందే రాతేందమ్మా!" నాయన నా చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. అమ్మ నా వైపు చూడనుకూడా లేదు. మహాలక్ష్మినే చూస్తూ అడిగింది. "అప్పుడు అన్నీ వచ్చినాయంటివి. నమ్మితిమి. ఇప్పుడేం చెప్తావో చెప్పు."

మహాలక్ష్మి తల దించుకోలేదు. చెవులు ఎర్రబడలేదు. "మూత్రం తయారయ్యేది సగం దాకా రాసి వదిలేసినా. ఆ మధ్యలోది నాకు రాదు. హార్మోన్లదైతే మొదలుపెట్టనేలేదు. మిగతావి రాసినానమ్మా. ఒక్కోటి ఏం రాసినానో ఇప్పుడడిగినా చెప్తా. రెండు పోయినా పాసుకు సరిపోతాయి."

"సరిపోకపోతే?"

"వచ్చే ఏడాది నేనే మునెయ్య మామ ఇంటికి పోయి, వ్యాను ఎక్కుతా."

అమ్మ మునెయ్య వైపు తిరిగింది. "అన్నా, ఏమీ అనుకోబాక. పోయినసారి దీనికి రానిది ఒక్కటి కూడా లేదనింది. అందుకే తప్పింది. ఈసారి రానిది యాడుందో చూపిస్తా ఉండాది. నేను నమ్ముతా. సోమవారం మా పాప రాదు."

మునెయ్య తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ వారం పైచిలుకు మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. సోమవారం తెల్లారుజామున వ్యాను మా వీధి చివర ఆగి హారను కొట్టింది. మేమందరం మెలకువగానే ఉన్నాం. ఎవరమూ లేవలేదు. వ్యాను వెళ్ళిపోయింది.

రిజల్టు వచ్చినప్పుడు నంబరు నేను కొట్టలేకపోయాను. మహాలక్ష్మే ఫోను తీసుకుని కొట్టింది. పాసయింది. మార్కులు దండిగా ఏమీ రాలేదు. ఆ రెండూ పోగా ఎన్ని రావాలో దాదాపు అన్నే వచ్చాయి. నాయన పైకి చూసి దండం పెట్టుకున్నాడు. నేను గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. సిగ్గెందుకు, ఏడ్చాను.

అమ్మ ఏడవలేదు. ఫోన్లో ఆ అంకెల్ని చూసి, దాన్ని కూతురి చేతికే ఇచ్చేసింది. "ఆ రాని రెండూ అట్టనే వదిలేసినావా?" అని అడిగింది. "రేపు ఆసుపత్రిలో ఎవురికన్నా అదే జబ్బయితే ఏం చేస్తావు?"

"నేర్చుకున్నానమ్మా" అంది మహాలక్ష్మి. "పరీక్ష అయిన మర్నాడే."

"అయితే చెప్పు" అంది అమ్మ, చేపల గంప పక్కకు జరిపి కూర్చుంటూ.